అటకమీద నిడో డబ్బా, అందులో 11 క్యాసెట్లు: అమ్మ పారెయ్యమంటోంది, తమ్ముడు ఏఐలో పెడదామంటున్నాడు

ఉత్తరం:

అక్కా, నాకు 43 ఏళ్ళు, ఉండేది హైదరాబాద్, పుట్టింది నరసాపురం దగ్గర పల్లెటూరు. నాకు నాలుగేళ్ళప్పుడు, 1986లో, నాన్న తాపీ పనిలో పడి కాలు విరగ్గొట్టుకున్నారు, అప్పులు తీర్చడానికి అమ్మ ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్ వెళ్ళింది. నన్ను అమ్మమ్మ పెంచింది. 1990లో యుద్ధమొచ్చి అందరితోపాటు అమ్మా వచ్చేసింది, ఒక్క హ్యాండ్‌బ్యాగ్ తప్ప సామానంతా అక్కడే వదిలేసిందంట, మళ్ళీ వెళ్ళలేదు. 1992లో తమ్ముడు పుట్టాడు, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు. అమ్మమ్మ పోయి చాలా ఏళ్ళయింది, నాన్న పోయి రెండేళ్ళు.

మొన్న ఇంటికి రంగులేయిస్తుంటే అటకమీద నిడో పాలపొడి డబ్బాలో 11 క్యాసెట్లు దొరికాయి. అమ్మ కువైట్ నుంచి ఉత్తరాల బదులు మాట్లాడి పంపినవి. పక్కింటివాళ్ళ పాత టూ ఇన్ వన్‌లో (రేడియో, టేప్ రికార్డర్ కలిసున్నది) రెండు పెట్టి విన్నాను. ఒకదాంట్లో అమ్మ గుసగుసగా "దాని దగ్గర నా ఊసెత్తకమ్మా, నా ఫోటో కూడా చూపించొద్దు" అంటోంది. రెండోదానికి లేబుల్ లేదు, అందులో అమ్మమ్మ "అమ్మతో మాట్లాడవే, మాట్లాడు" అని బతిమాలుతుంటే నేను నోరు విప్పను, చాలాసేపు ఏమీ ఉండదు, ఎక్కడో కోడి అరుస్తుంది. అక్కడే టేపు కీచుమని ఆగిపోయింది. అమ్మకి చెప్తే "ఆ పీడంతా ఇప్పుడెందుకే, పారెయ్" అంది. తమ్ముడేమో అన్నీ డిజిటల్ చేయించి అమ్మ 70వ పుట్టినరోజుకి సర్‌ప్రైజ్‌గా వీడియో కాల్‌లో అందరిముందూ వేద్దాం, అమ్మమ్మ గొంతుతో ఏఐ చేయిస్తే మా పాపకి కబుర్లు చెప్తుంది అంటున్నాడు. నాకైతే ఆ ఫోటో మాట విన్నప్పట్నుంచీ అమ్మతో మామూలుగా మాట్లాడ్డం కుదరట్లేదు. ఏం చెయ్యను?

జవాబు:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమనుకోకు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, మూడోసారి ఒక విషయం తగిలింది, నువ్వే రాసి నువ్వే గమనించలేదనిపించింది, దాని సంగతి తర్వాత చెప్తా. ముందు అర్జెంటు పని ఒకటుంది.

ఆ క్యాసెట్లు ఇంక ఆ టూ ఇన్ వన్‌లో పెట్టకు, ఒక్కటి కూడా వద్దు. కీచుమని ఆగిందన్నావు చూడు, అది ముసలి మెషిన్ టేపుని పట్టుకుని నమిలే ముందు చేసే చప్పుడు. ఆ లేబుల్ లేని క్యాసెట్ ఇంకా అందులోనే ఉంటే గట్టిగా లాగొద్దు, మూత తీసి చూసి, టేపు రోలర్‌కి చుట్టుకుపోతే మెల్లగా వేలితో వదులు చేసి, బయటికొచ్చాక పెన్సిల్ పెట్టి తిప్పి లోపలికి చుట్టెయ్. పెన్సిల్ పెట్టి క్యాసెట్ తిప్పడం మన వయసు వాళ్ళకి నేర్పక్కర్లేదులే.

ఇంకో పని, ఇది చదువుతూ చదువుతూనే లేచి చేసినా పర్లేదు. ప్రతి క్యాసెట్‌కీ వెనక అంచున, టేపు కనిపించే వైపుకి ఎదురు వైపున, రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. షాపులో కొన్న పాటల క్యాసెట్లకి అవి ఉండవు, అక్కడ ఖాళీ గుంటలుంటాయి. ఇంట్లో రికార్డ్ చేసుకున్నవాటికి ఉంటాయి. ఆ రెండూ స్క్రూడ్రైవర్‌తో విరిచెయ్. అవి లేకపోతే రికార్డ్ బటన్ కిందికి దిగదు, ఎవడు పొరపాటున నొక్కినా చెరగదు. మా మేనమామ మస్కట్ నుంచి పంపిన క్యాసెట్ ఒకటి కాపీ చెయ్యమని మా ఊళ్ళో రికార్డింగ్ షాపులో ఇచ్చాను చాలా ఏళ్ళ కిందట, కుర్రాడు ఏ వైపు ఏదో చూసుకోకుండా దానిమీదే సినిమా పాటలెక్కించి చేతిలో పెట్టాడు, పైగా ఖాళీగా ఉందని ఫ్రీగా ఎక్కించానండీ అన్నాడు. మా మామయ్య గొంతు అంతటితో సరి. కుర్రాణ్ణి చాలా రోజులు తిట్టుకున్నాను గానీ ఆ రెక్కలు విరవకుండా ఇచ్చింది నేనే కదా.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. నువ్వడిగింది ఏం చెయ్యను అని, కానీ ఉత్తరంలో నొప్పంతా ఆ ఫోటో మాట దగ్గరుంది. అమ్మ నన్ను మర్చిపోవాలనుకుందా, నేనే అమ్మని మర్చిపోవాలని కోరుకుందా అనేది కదా నిన్ను తినేస్తున్నది. దానికి జవాబు నేను చెప్పలేను, మీ అమ్మే చెప్పాలి. కానీ ఆ మాట ఏ పరిస్థితిలో టేపు మీదికెక్కిందో కొంచెం చెప్పగలను, ఎందుకంటే ఆ కాలంలో ఆ క్యాసెట్ల చుట్టూ కూర్చున్నవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

క్యాసెట్ అనగానే మనకి పాటలు గుర్తొస్తాయి గానీ 1963లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్ రేడియో ఎగ్జిబిషన్‌లో దాన్ని మొదటిసారి బయటపెట్టినప్పుడు అది పాటల కోసం కాదు, మాటల కోసం, ఆఫీసుల్లో పెద్దసార్లు ఉత్తరాలు చెప్పి రికార్డ్ చెయ్యడం లాంటి పనికి. సంగీతానికి పనికొచ్చే క్వాలిటీ తర్వాతెప్పుడో వచ్చింది. అంటే చూడు, గల్ఫ్ వెళ్ళినవాళ్ళ ఇళ్ళల్లో క్యాసెట్ మళ్ళీ తన మొదటి పనికే వచ్చింది, ఎవరూ చెప్పకుండానే. ఎందుకొచ్చిందంటే వేరే దారి లేదు కాబట్టి. 1986లో నరసాపురం పక్క పల్లెటూళ్ళో ఫోన్ అంటే పోస్టాఫీసులో ట్రంక్ కాల్ బుక్ చేసుకుని కూర్చోవడం, అది కూడా విదేశానికంటే ఆ బిల్లు కట్టే స్తోమతుంటే అసలు కువైటే వెళ్ళక్కర్లేదు. పసుపుపచ్చ ఎస్టీడీ బూత్ బోర్డులు పల్లెల దాకా రావడానికి ఇంకా టైముంది. టెలిగ్రాం ఉండేది గానీ టెలిగ్రాం వచ్చిందంటేనే ఇంట్లో ఏడుపు మొదలు, విప్పి చదివేది ఆ తర్వాత. (అది కూడా 2013 జులైలో మూసేశారు, అప్పుడందరూ అయ్యో అన్నారు, దాన్ని చూస్తేనే కాళ్ళు వణికిన రోజులు ఎవరికీ గుర్తు రాలేదు.)

మిగిలింది ఉత్తరం. ఉత్తరం రాయాలంటే చదువు రావాలి. 1991 జనాభా లెక్కల్లో కూడా అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ళలో చదవడం రాయడం వచ్చినవాళ్ళు నూటికి 33 మందే. మీ అమ్మకీ అమ్మమ్మకీ రాయడమొచ్చో రాదో నువ్వు చెప్పలేదు, క్యాసెట్లు ఇన్నున్నాయంటే రాదనే అనుకుంటున్నా. చదువు రాకపోతే అక్కడ ఎవరో రాసిపెట్టాలి, ఇక్కడ ఎవరో చదివిపెట్టాలి, మధ్యలో ఇద్దరు పరాయి మనుషులు. అప్పు ఎంత తీరిందో, ఒంట్లో ఎలా ఉందో, మొగుడెలా చూసుకుంటున్నాడో అన్నీ ఆ పోస్ట్‌మాన్‌కో మాస్టారి అబ్బాయికో తెలిసిపోవాల్సిందే. క్యాసెట్ వచ్చాక ఆ ఇద్దరూ తప్పుకున్నారు, తల్లి నోటి నుంచి కూతురి చెవికి నేరుగా. సెలవు మీద వచ్చేవాళ్ళ చేతికి టైగర్ బామ్, చీర, క్యాసెట్, ఇదీ పార్సిల్.

అయితే నేరుగా అంటే పూర్తిగా నేరుగా కూడా కాదు, ఇక్కడే ఉంది తిరకాసు. టేప్ రికార్డర్ అందరిళ్ళల్లోనూ ఉండేది కాదు. వీధికి ఒకటి, అది కూడా గల్ఫ్ నుంచి ఎవరో తెచ్చిన నేషనల్ పానాసోనిక్. క్యాసెట్ వచ్చిందని తెలిస్తే సాయంత్రం ఆ అరుగు మీద చుట్టుపక్కల పదిమందీ చేరేవాళ్ళు, అది మీ క్యాసెట్ మాత్రమే కాదు, అందులో "ఫలానా అత్తకి చెప్పమ్మా, వాళ్ళబ్బాయి కనిపించాడు బావున్నాడు" అని వీధందరికీ కబుర్లుంటాయి మరి. అంటే మీ అమ్మ ఆ రికార్డర్ ముందు కూర్చున్నప్పుడు తన తల్లితో ఒక్కదానితోనే మాట్లాడట్లేదు, పదిమంది వింటారని తెలిసే మాట్లాడుతోంది. పదిమందిలో ఒకళ్ళు అంటారు కదా, పిల్లనొదిలేసి పోయింది అని. అనేవాళ్ళు, నేను విన్నాను.

ఇంకోటి, గుసగుసగా మాట్లాడుతోంది అన్నావు. కఫీల్ (అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని) ఇంట్లో పనంతా అయ్యి, ఆ ఇంట్లోవాళ్ళు పడుకున్నాక, వంటింట్లోనో స్టోర్ రూంలోనో కూర్చుని రికార్డ్ చేసుకునేవాళ్ళు చాలామంది. అరగంట ఒక వైపు. పొద్దున్నే లేవాలి. ఆ టైములో నాలుగేళ్ళ పిల్ల పేరు ఎత్తితే ఇంక మాట ముందుకెళ్తుందా?

ఫోటో చూపించొద్దన్న మాట. మన వైపు బెంగ అంటే ఉత్త దిగులు కాదు కదా, జబ్బు. తల్లి ఊరెళ్తే పిల్లకి బెంగ జ్వరం వస్తుందని, పిల్ల నిద్రలో ఉన్నప్పుడే తల్లి బస్సెక్కేది, లేచాక ఎవరూ ఆ పేరెత్తకుండా ఆటల్లో పెట్టేవాళ్ళు. అది మంచి పద్ధతని నేననను, ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమనుకున్నారో నీకే బాగా తెలుసు. కానీ ఆ కాలపు తల్లి నోట్లో "నా ఊసెత్తకు" అంటే "దానికి జ్వరం రానివ్వకు" అని. ఇది నా అంచనా, మీ అమ్మది వేరే కారణం కూడా అయ్యుండొచ్చు. ఒక్క నిమిషం టేపు విని, అది కూడా వాళ్ళ అమ్మతో చెప్పుకున్న మాట పక్కనుంచి విని, 40 ఏళ్ళ అమ్మని దాంతో తూచకు అని మాత్రం చెప్పగలను.

ఇక తమ్ముడు. వాణ్ణి తిట్టాలని నాకు లేదు. వాడు పుట్టింది 1992లో, వాడికి తెలిసిన అమ్మ ఎప్పుడూ ఇంట్లోనే ఉంది, బడినుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. వాడు డల్లాస్‌లో ఉన్నా రోజూ పొద్దున్న మీ అమ్మ ఫోన్‌లో మనవరాలి మొహం చూస్తూనే ఉండుంటుంది, ఆ పిల్ల పాలు తాగడం దగ్గర్నుంచీ. దూరం అంటే వాడికి అది. అందుకే ఆ క్యాసెట్లు వాడికి పాత సామాను, ముచ్చటైన సామాను. ఒకే ఇంట్లో పుట్టారు గానీ నీకూ వాడికీ అమ్మ ఒకలాగే దొరకలేదు, ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదేమో, నువ్వే చెప్పు, గొడవలా కాకుండా.

సర్‌ప్రైజ్ మాత్రం వద్దు. దీనిమీద నాకు రెండో ఆలోచన లేదు. 70 ఏళ్ళావిడని ముస్తాబు చేసి కేక్ ముందు కూర్చోబెట్టి, స్క్రీన్‌లో ముప్ఫైమంది చూస్తుండగా, తను అర్ధరాత్రి కఫీల్ వంటింట్లో గుసగుసలాడిన మాటలు స్పీకర్‌లో వెయ్యడమేంటి? ఏడుస్తుంది, అందరూ హార్ట్ ఎమోజీలు పెడతారు, అయిపోయాక ఆవిడ రాత్రంతా నిద్రపోదు. మళ్ళీ అదే అరుగు, అదే పదిమంది, కాకపోతే ఈసారి వేరే దేశాల్లోంచి.

అలాగని పారెయ్యడం కూడా వద్దు. పారెయ్ అంటున్న మనిషే 35 ఏళ్ళుగా పారెయ్యలేదు చూశావా. ఎన్ని సంక్రాంతులకి అటక దులిపుంటారు, ఎన్ని భోగి మంటలయ్యాయి, ఆ డబ్బా మాత్రం అక్కడే ఉంది.

నేను చెప్పేదేంటంటే కాపీ చెయ్యడం వేరు, వినడం వేరు, ఈ రెండిటినీ విడగొట్టు. కాపీకి తొందరుంది, వినడానికి లేదు. ఎందుకు తొందరంటే, టేపు మీద గొంతు ఎలా ఉంటుందంటే పల్చటి ప్లాస్టిక్ రిబ్బన్, 4 మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు, దానిమీద ఐరన్ ఆక్సైడ్ పొడి జిగురుతో అంటించి ఉంటుంది. ఐరన్ ఆక్సైడ్ అంటే తుప్పే, మన గేటుకి పట్టే తుప్పుకి చుట్టం. మీ అమ్మ గొంతు ఆ తుప్పు రేణువుల్లో అయస్కాంతం గీతలుగా ఉంది. ఆ జిగురు తేమ పీల్చుకుంటుంది, మీది సముద్రపు గాలి, అటకమీద ఎండాకాలం వేడి, డబ్బాలో ఉండబట్టి ఈ మాత్రమైనా మిగిలాయి. టేపు బాగానే ఉన్నా లోపల చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, టేపుని మెషిన్‌లో దాన్ని చదివే హెడ్‌కి ఒత్తి పట్టుకునేది, దాని జిగురు ఎండిపోయి రాలిపోతుంది, అప్పుడు గొంతు బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఇవన్నీ బాగుచెయ్యొచ్చు, కానీ బాగుచేసేవాళ్ళు, బాగా తిరిగే మెషిన్లు ఏడాదికేడాదికీ తగ్గిపోతున్నాయి.

ఎలా చెయ్యాలంటే, ఆన్‌లైన్‌లో దొరికే చవక యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు కొనకు, వాటిలో స్పీడ్ నిలకడగా ఉండదు, గొంతులు ఊగుతాయి. కాస్త మంచి పాత క్యాసెట్ డెక్ ఎవరి దగ్గరైనా ఉంటే బెల్టులు మార్పించి, హెడ్డూ రోలరూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ముందు పోయినా ఫర్వాలేదనుకునే పాటల క్యాసెట్ ఒకటి రెండు వైపులా తిప్పి చూసి, అది బతికి బయటపడ్డాకే మీవాటి జోలికెళ్ళు. లోపల తెల్లటి బూజు కనిపిస్తే అది అసలు మెషిన్‌లో పెట్టకు, వేరే కవర్లో తీసిపెట్టు, ఒకదాని బూజు మెషిన్ ద్వారా అన్నిటికీ అంటుకుంటుంది. అది తెలిసినవాళ్ళు చెయ్యాల్సిన పని. ఎండలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ కొట్టడం లాంటి ఇంటి వైద్యాలు చెయ్యకు తల్లీ. క్యాసెట్ డొక్క పగిలితే భయం లేదు, లోపలి చుట్టలు తీసి స్క్రూలున్న కొత్త డొక్కలోకి మార్చొచ్చు, పది నిమిషాల పని.

డెక్ నుంచి వైరు లాప్‌టాప్‌లోకి, ఆడాసిటీ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది అందులో రికార్డ్. ఎంపీత్రీ కాదు, కుదించని వేవ్ ఫైల్‌గా దాచు, గంటకి ఎంత లేదన్నా 600 ఎంబీ అవుతుంది, ఈ రోజుల్లో అదో లెక్క కాదు. 60 నిమిషాల క్యాసెట్‌కి 60 నిమిషాలు పడుతుంది, ఫాస్ట్‌గా ఎక్కించే మార్గం వెతకొద్దు, 11 క్యాసెట్లంటే రెండు మూడు ఆదివారాలు. ఇక్కడో సుఖముంది, ఈ పనికి వినక్కర్లేదు. స్పీకర్ సౌండ్ జీరో చేసుకుని స్క్రీన్ మీద గీతలు కదులుతున్నాయా, పైన ఎర్రగా తగలట్లేదా అని చూసుకుంటే చాలు. నువ్వు పక్కన కూరగాయలు తరుక్కోవచ్చు.

మధ్యలో ఎక్కడైనా విని చూడాల్సొస్తే, అమ్మ గొంతు చిన్నపిల్ల గొంతులా సన్నగా గబగబా వినిపిస్తే కంగారుపడకు, అప్పట్లో బ్యాటరీలు అయిపోతూ రికార్డర్ నెమ్మదిగా తిరిగితే ఇప్పుడు సరైన స్పీడ్‌లో వేసినప్పుడు అలా వస్తుంది, తర్వాత సరిచెయ్యొచ్చు. గరగర తీసేసే ఎఫెక్టులు మాత్రం అసలు ఫైల్ మీద వాడకు, కావాలంటే దాని కాపీ మీద వాడుకో. మనం నాయిస్ అనుకునేదాంట్లోనే సగం ఊరుంది, ఆ కోడి, పంపు చప్పుడు, కువైట్ వైపునుంచైతే ఏసీ రొద, తెల్లారుజామున అజాన్. మెషిన్‌కి అవన్నీ చెత్త. ఆఖర్న కాపీలు మూడుచోట్ల ఉంచు, అందులో ఒకటి వేరే ఊళ్ళో. వాట్సాప్‌లో మామూలుగా పంపొద్దు, అది కుదించి పిప్పి చేస్తుంది.

కానీ ఇదంతా మొదలెట్టే ముందు అమ్మకి చెప్పాలి. దొంగతనంగా కాదు. "అమ్మా, ఇవి పాడైపోతున్నాయి, కాపీ తీసి పెన్‌డ్రైవ్ నీ చేతికిస్తాను, నువ్వు చెప్పేదాకా వినను, తమ్ముడికీ ఇవ్వను" అని. అని, ఆ మాట మీద నిలబడు. నీ దగ్గర బ్యాకప్ ఉంటుందని కూడా చెప్పు, దాయకు. ఆవిడ అప్పటికీ వద్దే వద్దంటే? అప్పుడు డబ్బా మూతపెట్టి, బీరువాలో చీరల మధ్య పెట్టేసి ఊరుకో. కొన్నాళ్ళకి మళ్ళీ అడుగు. టేపు పోతుందేమో, పోనీ. ఆ గొంతు ఆవిడది, నీకూ నాకూ ఎంత ముద్దొచ్చినా.

అడిగే పద్ధతి కూడా ఉంది. "విందామా" అని మొదలెట్టకు, ఆ ప్రశ్నకి వద్దు అనే జవాబే వస్తుంది. ఇద్దరూ వంటింట్లో ఉన్నప్పుడు ఒక క్యాసెట్ తెచ్చి చేతిలో పెట్టి "ఇది ఎవరిచేత పంపావమ్మా?" అని అడుగు. మనిషి పేరొస్తే ఆ మనిషి కథొస్తుంది. ఏ ఇంట్లో పనిచేసింది, ఆ ఇంట్లో పిల్లలెంతమంది, జీతం ఎన్ని దీనార్లు, టేప్ రికార్డర్ ఎవరిది, ఇవన్నీ చెప్పడానికి తేలికైనవి, ఏడుపు లేని ప్రశ్నలు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకొచ్చిన రోజు ఎక్కడుంది, బాగ్దాద్ మీదుగా అమ్మాన్‌కి బస్సులో ఎన్నాళ్ళు పట్టింది, ఎడారిలో టెంట్లలో ఎన్ని రోజులుంది, విమానం దొరికిందెప్పుడు, ఇవీ అడుగు. ఆ రెండు నెలల్లో ఎయిరిండియా అమ్మాన్ నుంచి 1,11,000 మందికి పైగా మనవాళ్ళని తెచ్చింది, లెక్కలైతే అందరూ చెప్తారు, ఆ విమానాల్లో కూర్చున్న ఖద్దామా ఆడవాళ్ళు ఒక్కొక్కళ్ళూ ఏం చూశారో రాసిపెట్టింది చాలా తక్కువ. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం వచ్చింది, అలా వచ్చేసినవాళ్ళకి మనిషికి 2,500 డాలర్లో 4,000 డాలర్లో, మన గోదావరి జిల్లాల్లో కొన్ని డాబాలు ఆ డబ్బుతో లేచినవే. మీ ఇల్లు కూడా అందులోదేమో, నువ్వు రంగులేయించిన ఆ ఇల్లే, అడిగి చూడు.

వినడం దాకా వస్తే మాత్రం స్పీకర్ వద్దు, హెడ్‌ఫోన్స్ పెట్టి ప్లేయర్ ఆవిడ ఒళ్ళో పెట్టు, స్టాప్ బటన్ ఏదో చూపించు, నువ్వు గదిలోంచి బయటికెళ్ళు. పిలిస్తే రా. పిలవకపోతే పిలవలేదు.

ఏఐ సంగతి. తమ్ముడు చెప్తున్నది ఉత్త మాట కాదు, చేయించొచ్చు. 2023లోనే మైక్రోసాఫ్ట్ వాళ్ళు మూడు సెకన్ల గొంతు చాలు అదే గొంతుతో వేరే మాటలు చెప్పించొచ్చని చూపించారు. అది ఇంగ్లీషు, తెలుగులో అంత నున్నగా రాకపోవచ్చు, కానీ వస్తుంది. నాకు మాత్రం ఇష్టం లేదు, సెంటిమెంట్ కాదు, ఒకటే కారణం. డల్లాస్‌లో పిల్ల ఆ తయారుచేసిన కబుర్లు వింటూ పెరిగితే దానికి మీ అమ్మమ్మ అంటే అదే. శుభ్రమైన గొంతు, అడిగినప్పుడల్లా కథ. పెద్దయ్యాక అసలు టేపు వింటే గరగర, దగ్గు, మధ్యలో ఎవరితోనో "దూడని కట్టెయ్ రా" అనడం, ఈమెవరు అంటుంది. దొంగది ముందొస్తే అసలుది నకిలీలా కనిపిస్తుంది. పైగా మీ అమ్మ ఉంది కదా ఇంకా, తన తల్లి ఎప్పుడూ అనని మాట తన తల్లి గొంతులో వినాల్సింది ఆవిడే. ముక్కూ మొహం తెలీని వెబ్‌సైట్లలో ఇంటి గొంతులు అప్‌లోడ్ చెయ్యొద్దని కూడా వాడికి గట్టిగా చెప్పు, దొంగ గొంతుతో ఫోన్ చేసి డబ్బులు గుంజేవాళ్ళ కాలం ఇది.

వాడి ఉత్సాహం వృథా పోనివ్వకు, వాడికి వేరే పని పెట్టు. అమ్మ ఒప్పుకున్న టేపులు మాత్రం వాడికి పంపి, అందులో మాటలన్నీ టైపు చెయ్యమను, ఏ నిమిషంలో ఎవరు మాట్లాడారు, ఏ ఊరి పేరొచ్చింది. సాఫ్ట్‌వేర్‌కిస్తే 40 ఏళ్ళ కిందటి గోదావరి యాస, దానిమీద గరగర, సగం తప్పులతో వస్తుంది, వాడు కూర్చుని ఒక్కో వాక్యం నాలుగుసార్లు వెనక్కి తిప్పి విని దిద్దాలి. అర్థం కాని మాట దగ్గర నీకు ఫోన్ చేస్తాడు. అప్పుడు చెప్పు వాడు పుట్టక ముందు సంగతులు.

ఇప్పుడు మొదట్లో ఆపిన విషయం. 11 క్యాసెట్లూ అమ్మ కువైట్ నుంచి పంపినవి అని రాశావు. కానీ ఆ లేబుల్ లేనిది అమ్మ పంపింది కాదు కదా. అందులో మాట్లాడేది అమ్మమ్మ, పక్కన నువ్వు, వెనక మీ ఊరి కోడి. అంటే అది ఇక్కణ్ణుంచి అక్కడికి వెళ్ళాల్సిన క్యాసెట్. మరి మీ అటకమీద ఏం చేస్తోంది?

అసలు పంపనే లేదేమో, అవ్వొచ్చు. కానీ పిల్ల గొంతు వినిపిద్దామని అంత బతిమాలిన ముసలావిడ ఎందుకు ఆపుతుంది. పంపితే, ఆ రోజుల్లో మన వైపు చాలా ఇళ్ళల్లో జరిగేదేంటంటే క్యాసెట్లు అటూ ఇటూ తిరిగేవి, వచ్చినదాన్ని విని దానిమీదే తిరిగి మాట్లాడి పంపేవాళ్ళు, పాత మాట చెరిగిపోయేది, కొత్త క్యాసెట్ కొంటే డబ్బులు కదా. ఇది మాత్రం చెరగలేదు. నువ్వు మాట్లాడకుండా నిలబడ్డ ఆ కాసేపు మీద మీ అమ్మ తన గొంతు ఎక్కించుకోలేదు. మరి వెనక్కి ఎలా వచ్చింది? సెలవుకొచ్చినవాళ్ళెవరో తెచ్చారా, లేక సామానంతా కువైట్‌లో వదిలేసి బాగ్దాద్, అమ్మాన్ మీదుగా చేతిలో పట్టుకొచ్చిన ఆ ఒక్క హ్యాండ్‌బ్యాగ్‌లో వచ్చిందా?

నాకు తెలీదు. నువ్వు కూడా ఊహించుకోకు, అడుగు. దాని రెండో వైపు వినలేదు కదా, వినొద్దు, అడిగాకే. ముందైతే ఆ రెక్కలు విరిచేటప్పుడు దాంతోనే మొదలెట్టు.